రోగిని చూడబోయిన స్నేహితుడు

మత్తయి 25:36 చదవండి.

యోసెఫ్ మిస్లివెచెక్ 1737లో ప్రాగ్ నగరంలో పిండిమర నడిపే కుటుంబంలో పుట్టాడు. ఆ వృత్తి విడిచి 1763లో ఇటలీ వెళ్లి, ఒపెరాలనే సంగీత నాటకాలు కూర్చి గొప్ప పేరు పొందాడు. 1777లో జర్మనీలోని మ్యూనిక్‌లో అబ్రాహాము ఇస్సాకుల చరిత్రను (ఆది. 22) సంగీతంగా వినిపించి మెప్పు పొందాడు. ఆ యేడే అదే ఊరి ఆసుపత్రిలో పడ్డాడు. వైద్యుడు కాల్చిన కాల్పుకు ముక్కు పోయి ముఖం వికారమైంది.

అతని స్నేహితుడు మొజార్ట్‌కు అప్పుడు 21 ఏండ్లు. ఆ రోగం చెడునడత ఫలమని తండ్రి అభిప్రాయం. వెళ్లడం ఇష్టం లేకుంటే అమ్మ వద్దన్నదని చెప్పమని జాబు వ్రాశాడు. అయినా కుమారుడు వెళ్లాడు. ఆసుపత్రి తోటలో ఆ ముఖం చూసి కలవరపడ్డాడు. మాట్లాడాక, ముఖమే మారింది గాని మనిషి మారలేదని తండ్రికి వ్రాశాడు.

మిస్లివెచెక్ 1781లో రోమాలో పేదవాడుగా మరణించాడు. నేడు అతని పేరు ఎరిగినవారు కొద్దిమందే.

ప్రియులారా, జబ్బు పేరు చెప్పడానికి సిగ్గుపడి తలుపు మూసుకున్నవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఏ పాపం చేశాడో అని లెక్కించడం మన పని కాదు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక అట్టివారి గుమ్మం ఒక్కటైనా తొక్కండి. అక్కడ ప్రభువే మీకొరకు కనిపెట్టుచున్నాడు. ఆమేన్.