ఉప్పుటేటికి మురుగు మోపరాదు

శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలములో, ఉప్పుటేరు బంగాళాఖాతమును కలియుచోట భావనపాడు ఉన్నది. ఊరు చిన్నదే గాని, ఆ నీటిని నమ్ముకొన్న బ్రతుకులు అనేకము. మత్స్యకారుల పడవలకు రేవు అదియే. సమీపమున నౌపడ ఉప్పుమళ్ళు కలవు. ఏటేట తేలినీలాపురము వచ్చి గూళ్ళు కట్టుకొను గూడబాతులు, ఎఱ్ఱకాళ్ళ కొంగలు ఈ ప్రాంతపు చిత్తడినేలలలోనే మేత వెదకికొనును.

మొదట భావనపాడు పేరున తలపెట్టిన ఓడరేవునకు 2023 ఏప్రిల్ 19వ తేదీన మూలపేటలో శంకుస్థాపన జరిగినది. ఓడరేవు వెంట ఊరు పెరుగును. ఊరి వెంట మురుగు పెరుగును. రోడ్లకు, గిడ్డంగులకు ముందుగనే పటములు గీయుదురు. మురుగునకు మాత్రము అన్నియు ముగిసిన పిమ్మట చోటు వెదకుదురు. ఈ వరుస మారవలెను.

సముద్రము ప్రక్కనే యుండగా మురుగునకు చింత యేల యని కొందరందురు. కాని ఉప్పుటేరు ఒకే దిక్కునకు పారు కాలువ కాదు. ఆటుతో పోయినదానిలో కొంత పోటుతో మరలివచ్చును. మొగలో ఇసుక మేటవేసినచో ఆ రాకపోకలును మందగించును. మఱియొక చిక్కు కలదు. మురుగులోని మలినమును కుళ్ళబెట్టు సూక్ష్మజీవులు నీటిలో కరగిన ప్రాణవాయువును వాడుకొనును. నీరు వేడెక్కినకొలది, ఉప్పదనము హెచ్చినకొలది అందు ప్రాణవాయువు తక్కువగా కరగును. కనుక వేసవిలో ఉప్పుటేటికి స్వతహాగానే ఆ నిలువ స్వల్పము. దానినే మురుగు హరించినచో చేపకు ఊపిరి యుండదు. చేప లేనిచో వలకు పని యుండదు.

1858 వేసవిలో థేమ్సునది దుర్గంధము లండను పార్లమెంటునే కలవరపరచినది. అటుపిమ్మట బాజల్జెట్ అను ఇంజనీరు పెద్ద తూములు కట్టించి మురుగును నగరమునకు దిగువకు మళ్ళించెను. నగరము తేరుకొన్నది; కాని శుద్ధి కాని ఆ మురుగు చాలకాలము దిగువ నదిలో కలియుచునే యుండెను. దూరము చేయుట శుద్ధి చేయుట కాదు.

చిన్న ఊరికి పెద్ద యంత్రాగారము నడుపు స్తోమత లేదనుట నిజమే కావచ్చును. కాని వరుస చెరువుల పద్ధతి ఉన్నది. మొదటి లోతైన చెరువులో మడ్డి అడుగంటును. రెండవదానిలో నాచు ఎండ సాయమున ప్రాణవాయువును విడువగా సూక్ష్మజీవులు మలినమును తినివేయును. లోతు తక్కువైన చివరి చెరువులో రోగక్రిములు చాలవరకు నశించును. దీనికి విద్యుత్తు అంతగా అక్కరలేదు, నేల కావలెను. ఊరు పెరిగినచో ఆ నేల దొరకదు. మరుగుదొడ్ల గుంటల మడ్డికి వేరుగా ఎండబెట్టు మడులు ఉండవలెను. పడవల నూనెను, కర్మాగారముల రసాయనములను ఈ చెరువులు శుద్ధి చేయజాలవు. వాటిని పుట్టినచోటనే పట్టవలెను.

జలకాలుష్య నివారణకు 1974లోనే చట్టము వచ్చినది. ప్రభుత్వము ప్రకటించిన మేరకు సముద్రజలమును, ఆటుపోట్ల జలమును కూడ ఆ చట్టము ‘ప్రవాహము’లో చేర్చినది. కనుక కొఱత చట్టమునకు కాదు, కనిపెట్టి చూచువారికి.

ఇచ్చట పాఠశాల చేయదగిన పని కలదు. ఉపాధ్యాయుని వెంట విద్యార్థులు గట్టున నిలిచి, నీటిని తాకకయే, దాని రంగును, వాసనను, చచ్చిన చేపలను తేదీలతో, ఆటుపోట్ల వేళలతో వ్రాయవచ్చును. ఆ పుస్తకము ప్రయోగశాలకు బదులు కాజాలదు. కాని పరీక్ష ఎప్పుడు, ఎచ్చట జరుగవలెనో అధికారులకు చెప్పగలదు. ఓడరేవునకు ముందు నీరెట్లుండెనో, తరువాత ఎట్లున్నదో ఊరి చేతనే సాక్ష్యముండును. శుద్ధికి నేల కేటాయింపుమని పంచాయతి అడుగునాడు అదియే దాని బలము.