కడుపు జబ్బు మనిషికి హోటల్లో తిండేదీ?

ఆదోని, ఎమ్మిగనూరు: పల్లె మనిషి హోటల్ మెట్లెక్కేది సరదాకు కాదు, అవసరానికి. పత్తి బోరాలతో ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చిన రైతు ధర పలికి, తూకమై, పైకం చేతిలో పడేదాకా కదలడానికి లేదు. ఆసుపత్రికి వచ్చినవారిదీ, కోర్టు వాయిదాకు వచ్చినవారిదీ అదే స్థితి. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుని జాతర, ఉరుకుందలో శ్రావణమాసం ఉత్సవాలు వస్తే ఊళ్లకు ఊళ్లే బయట తినవలసి వస్తుంది. ఈ జనంలో పేగుపూత, కడుపులో మంట, తిన్న వెంటనే దొడ్డికి పరుగెత్తించే పేగుల జబ్బు ఉన్నవారు ఎందరో ఉన్నారు. వారి గోడు పట్టించుకొనే నాథుడు లేడు.

పొద్దున హోటల్లో దొరికేది ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ఈ సీమకు పేరు తెచ్చిన టిఫిన్ అది, దాన్ని తప్పు పట్టే పని లేదు. నానిన బొరుగులకు పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ తిరగమాత పెట్టి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తే గట్టి కడుపు వాడికి అంతకు మించిన తిండి లేదు. జబ్బు కడుపు వాడికి అదే గండం. మధ్యాహ్నం భోజనంలో పప్పు, సాంబారు, చట్నీ అన్నిటా కారమే. చివరకు ఆ మనిషి టీ నీళ్లతో పొద్దు పుచ్చుతాడు. ఖాళీ కడుపు మీద టీ పడితే మంట రెట్టింపవుతుంది. లేదా ఆకలికి ఆగలేక తిని, రాత్రంతా మెలికలు తిరుగుతాడు. పెళ్లికి పోయి విస్తరి ముందు చేయి ముడుచుకొని కూర్చుంటే ‘మా ఇంటి కూడు పనికిరాదా’ అని నిష్ఠూరం. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది, కడుపు జబ్బు ఎవరికీ కనిపించదు. అందుకే దాన్ని నఖరా కింద జమకడతారు.

మిరపకాయ ఒక్కటే దోషి కాదు

పేగుపూతకు కారణం కారమేననీ, దిగులేననీ చాలాకాలం వైద్యులు సైతం అనుకొన్నారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు రోగుల జీర్ణకోశంలో హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమిని గుర్తించారు. లోకం నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రావణాన్ని తానే తాగి కడుపు వాపు తెచ్చుకొన్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ క్రిమి వల్ల వచ్చిన పుండు పది, పద్నాలుగు రోజులు సక్రమంగా మందులు వాడితే చాలామందికి మానిపోతుంది. కారం పుండును పుట్టించదు. ఉన్న పుండును మండిస్తుంది.

రెండో కారణం నొప్పుల మాత్రలు. సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోయి నెలల తరబడి నడుం వంచినవారు, పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లాడించే నేతగాళ్లు ఒళ్లునొప్పులకు దుకాణంలో మాత్రలు కొని మింగుతుంటారు. పరగడుపున రోజూ మింగే ఆ మాత్రలే జీర్ణకోశాన్ని తొలుస్తాయి. మలం తారులా నల్లబడినా, వాంతిలో రక్తం కనిపించినా, మనిషి ఊరకనే చిక్కిపోతున్నా సోడాతో, గ్యాస్ మాత్రతో కాలం గడపరాదు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

గోధుమ పడని వారు

మరికొందరికి గోధుమే విషం. గోధుమలోని గ్లూటెన్ అనే పదార్థం పడక పేగు లోపలి పొర దెబ్బతినే ఈ జబ్బును సీలియాక్ అంటారు. పిల్లవాడు ఎదగకపోయినా, విరేచనాలు కట్టకపోయినా నులిపురుగులని, దిష్టి అని మన పల్లెల్లో ఏళ్లు గడిపేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం ఆఖరి శీతకాలంలో, అంటే 1944–45లో, హాలెండ్‌లో రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకొన్నారు. అప్పటికే గోధుమ మీద అనుమానంతో ఉన్న డికె అనే పిల్లల వైద్యుడు తర్వాత దాన్ని రుజువు చేశాడు. గోధుమను పూర్తిగా మానడమే నేటికీ దీనికి చికిత్స.

ఇక్కడే మన సీమ అదృష్టం ఉంది. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, వరి – వీటిలో ఆ పదార్థం లేదు. తాతలు తిన్న జొన్న రొట్టె, కొర్రన్నం ఈ రోగికి నిశ్చింతగా పెట్టవచ్చు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటిస్తే ఊరూరా సభలు జరిగాయి. హోటల్లో మాత్రం పూరీ గోధుమది, మైసూరు బోండా మైదాది. శనగపిండి బజ్జి తిందామంటే బోండా కాగిన నూనెలోనే దాన్నీ వేస్తారు. సాంబారులో వేసే ఇంగువ పొడిలో సైతం తరచూ గోధుమ పిండి కలిసి ఉంటుంది. పొట్లాల మీద గోధుమ ఉన్నదీ లేనిదీ అచ్చు వేయాలని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లకూ అటువంటి బాధ్యత పెట్టారు. బస్టాండు పక్క చిన్న హోటల్‌కు ఆ బాధ్యత లేదు. మన రైతు తినేది అక్కడే.

వ్రతానికి ఉన్న మర్యాద జబ్బుకు లేదా?

ఒక్కడి కోసం వేరే వంట ఎట్లా చేస్తామని హోటల్ వారి ప్రశ్న. పొద్దున రద్దీలో వారి కష్టం నిజమే. అయితే మంత్రాలయం పోయే భక్తుల కోసం ఉల్లి, వెల్లుల్లి లేని వంట చేసి పెట్టడం ఈ దారిలో కొత్త కాదు. చక్కెర జబ్బు వారు అడిగితే చక్కెర లేని టీ మారు మాట్లాడకుండా ఇస్తున్నారు. ఒకనాడు అదీ వింతే. అడిగేవారు పెరిగాక అలవాటయింది. వ్రతానికీ చక్కెర జబ్బుకూ ఇచ్చే మర్యాద కడుపు జబ్బుకూ ఇవ్వమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

వేరే పొయ్యి పెట్టనక్కరలేదు. కారం వేయకముందే ఉడికిన పప్పు ఒక గిన్నెడు తీసి ఉంచవచ్చు. తిరగమాత లేని పెరుగన్నం, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, జొన్న రొట్టె ఉంచితే నష్టపోయేవారు లేరు. అయినా ఒకరికి పడింది మరొకరికి పడదు. పేగులు సున్నితమైన కొందరికి ఉల్లి, వెల్లుల్లి ఉబ్బరం తెస్తాయి. పాలు పడని వారున్నారు. కాబట్టి అన్నిటికంటే ముఖ్యమైనది నిజమైన జవాబు. ‘ఇందులో ఏమేశారన్నా’ అని అడిగితే విసుక్కోకుండా, తెలియనిది తెలియదని చెబితే సగం మేలు జరిగినట్లే. దానికి పైసా ఖర్చు లేదు.

నూనె విషయం అట్లా కాదు. పదేపదే కాచిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడరాదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. నల్లబడిన బాణలిని చూసి కూడా చూడనట్లు పోయే తనిఖీ ఎవరికీ పనికిరాదు.

అధికారులు, రోగులు చేయవలసినవి

పేగుల జబ్బు వారికి తిండి ఎంత అవసరమో మరుగుదొడ్డి అంత అవసరం. అది దగ్గర లేదనే భయంతో పొద్దంతా పస్తుండే ఆడవారున్నారు. రెండు పట్టణాల మున్సిపాలిటీలు బస్టాండు, సంత, జాతర స్థలాల్లో నీళ్లున్న మరుగుదొడ్లు, శుభ్రమైన తాగునీరు చూడాలి. మార్కెట్ కమిటీ యార్డులో జొన్న రొట్టె, మజ్జిగ అమ్మే మహిళా సంఘానికి ఒక కొట్టు ఇప్పించాలి. 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకొన్న అన్న క్యాంటీన్లలో ఐదు రూపాయల భోజనంతో పాటు కారం లేని కూర ఒకటి ఉంచే ఆలోచన చేయాలి.

రోగులూ సిగ్గు విడవాలి. పలుచగా కాల్చి ఆరబెట్టిన జొన్న రొట్టె కొన్ని రోజులు నిలువ ఉంటుంది, నాలుగు మూటగట్టుకొని బయలుదేరడం మేలు. హోటల్లో కూర్చున్నాక నోరు తెరిచి అడగాలి. ఒకరు అడిగితే ఈసడిస్తారేమో గాని, రోజుకు పదిమంది అడిగితే హోటల్ వారే కారం లేని గిన్నె పక్కన పెడతారు.