గట్టు ఎత్తు ఎంత?

పాత వంటిల్లు తీసివేసి కొత్తది కట్టించుకొనే ఇంట్లో మొదటి రోజు ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. తాపీమేస్త్రీ రసమట్టం గోడకు ఆనించి, చెవిమీద పెన్సిలు తీసి, "వంటగట్టు ఎంతెత్తు పెట్టమంటారండీ?" అని అడుగుతాడు. హాలులో కూర్చున్న యజమాని తల ఎత్తకుండానే, "అందరిళ్ళలో ఎంత పెడతావో అంతే పెట్టు" అంటాడు. ఇల్లాలు ఆ సమయంలో వెనుక వరండాలో తాత్కాలికంగా అమర్చుకున్న స్టవ్వు దగ్గర పప్పు ఎనుపుకుంటూ ఉంటుంది. ప్రశ్న ఆమెదాకా పోదు. రాబోయే ఇరవై సంవత్సరాలు ఆమె నడుము, భుజాలు, మెడ పడవలసిన శ్రమ ఆ ఒక్క క్షణంలో నిర్ణయమైపోతుంది.

గోడపలకల రంగు విషయంలో మాత్రం ఆ ఇంట్లో వారంరోజులు చర్చ జరుగుతుంది. పిల్లలు, చుట్టాలు, పొరుగువారు అందరూ సలహాలు చెబుతారు. రంగు నచ్చకపోతే మార్చుకోవచ్చు. గట్టు ఎత్తు తప్పితే పగలగొట్టడం తప్ప మార్గం లేదు.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపించిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనులు చేసే స్త్రీలు వాటికై రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అటువంటి పనులు చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. స్త్రీల ఆ ఐదు గంటలలో చాలా భాగం వంటింటిలోనే గడుస్తుంది. ఏ కర్మాగారంలోనైనా పనివాని పొడవు చూడకుండా పనిబల్ల వేస్తే తప్పు పడతారు. ఇంట్లో మాత్రం ఆ తప్పు మీద నున్నని రాయి పరచి అందంగా ఉన్నదంటారు.

కూర్చునే వంట, నిలబడే వంట

మన ఇళ్ళలో నిలబడి వండడం పాత అలవాటేమీ కాదు. కట్టెలపొయ్యి, ఊకపొయ్యి, బొగ్గుల కుంపటి అన్నీ నేలమీదనే ఉండేవి. రుబ్బురోలు, సన్నికల్లు, కత్తిపీట కూర్చుని వాడేవే. వంటగ్యాసు వచ్చిన తరువాతనే పొయ్యి క్రమంగా గట్టెక్కింది. 1955లో బొంబాయిలో గ్యాసు సిలిండర్ల అమ్మకం మొదలైంది. 1965లో ఇండేన్ మొదటి కనెక్షన్ కలకత్తాలో ఇచ్చారు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలలోనే ఇల్లాలు నేలమీది పీట విడిచి గట్టు ముందు నిలబడింది. పొయ్యి లేచినది గాని, ఆమె ఒళ్ళు కొలిచి గట్టు కట్టాలన్న ఆలోచన దానితోపాటు రాలేదు.

పొగ సంగతిని మాత్రం మనవారు ముందే పట్టించుకున్నారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, లక్షలాది పేద ఇళ్ళను దృష్టిలో ఉంచుకొని 1953లో దానిపై పుస్తకం ప్రచురించారు. మంటను మూసి ఉంచి, ఒకే మంటమీద ఒకటికి మించిన గిన్నెలు పెట్టుకొనే వీలు కల్పించి, పొగను గొట్టం ద్వారా ఇంటి వెలుపలికి పంపడం ఆ పొయ్యి కిటుకు. వంటింటి బాగు పొయ్యి ముందున్న మనిషి ఊపిరితో ప్రారంభం కావాలన్నది అందులోని నీతి.

ఫ్రాంక్‌ఫర్ట్ నేర్పిన పాఠం

ఈనాడు బజారులో "మాడ్యులర్ కిచెన్" పేరుతో అమ్ముతున్న అమరికకు తాతమ్మ వంటిది ఒకటి జర్మనీలో ఉన్నది. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికులకు చవక ఇళ్ళు కడుతున్నప్పుడు మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే వియన్నా వాస్తుశిల్పి ఒక వంటగదిని రూపొందించింది. దాని వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలులోని భోజనపు పెట్టె వంటగది ఆమెకు ఆదర్శం. అంత ఇరుకులో అంతమందికి వండిపెట్టగలగడానికి కారణం ప్రతి వస్తువూ చేతికందే చోట ఉండడమేనని ఆమె గ్రహించింది. పప్పుదినుసులు, పంచదార వంటి వాటికి మూతి ఉన్న అల్యూమినియం సొరుగులు పెట్టించింది. పురుగు పట్టకుండా పిండికి ఓక్ చెక్క సొరుగు చేయించింది. కిటికీ దగ్గర గట్టు, దాని ముందు తిరుగుడు స్టూలు అమర్చి, కూరలు తరిగే పని కూర్చుని చేసుకొనే వీలు కల్పించింది. అటువంటి వంటగదులు సుమారు పదివేలు కట్టారు.

అదే కాలంలో అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజనీరు, పన్నెండుమంది పిల్లల తల్లి, గృహిణులను ప్రశ్నించి, వారి కదలికలను లెక్కించి, గట్టు ఎత్తు వండే మనిషి ఎత్తును బట్టి ఉండాలని చెప్పింది. 1940ల నాటికి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో "పని త్రికోణం" అనే సూత్రం తయారైంది. సరుకులుండే చోటు, సింకు, పొయ్యి - ఈ మూడింటినీ కలిపే గీతల మొత్తం పొడవు 13 అడుగులకు తగ్గకుండా, 26 అడుగులకు మించకుండా ఉండాలన్నది దాని సారాంశం.

ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదికి ఒక లోపమూ ఉన్నది. అందులో ఒక్కరే పనిచేయగలరు. రెండవ మనిషి అడుగుపెడితే మోచేతులు తగులుకుంటాయి. వండే స్త్రీ ఇంటి మాటలకు దూరమై ఒంటరిగా మిగిలిపోతుందని తరువాతి తరంవారు విమర్శించారు. అత్తగారు కూరలు తరుగుతూ, కోడలు పోపు పెడుతూ, పనిమనిషి అంట్లు తోముతూ, మధ్యలో పిల్లవాడు మంచినీళ్ళకు వచ్చే మన వంటింటికి ఆ కొలతలు యథాతథంగా సరిపోవు. గట్టుకూ ఎదుటి గట్టుకూ మధ్య ఒక్కరే మసిలే చోట మూడున్నర అడుగులు, ఇద్దరు మసిలే చోట నాలుగు అడుగులు విడిచిపెట్టడం మంచిది. అంత చోటు లేనప్పుడు రెండవ గట్టు ఆశ వదలుకొని ఒకే వరుస పెట్టుకోవడమే వివేకం.

మోచేయే కొలబద్ద

మేస్త్రీ ప్రశ్నకు సమాధానం ఇల్లాలి మోచేతిలో ఉన్నది. ఆమె ఇంట్లో తొడుక్కొనే చెప్పులతో, లేదా చెప్పులు లేకుండా, రోజూ వండేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే నిటారుగా నిలబడి మోచేయి మడవాలి. నేలనుండి మోచేతివరకు కొలిచి, అందులోంచి నాలుగైదు అంగుళాలు తీసివేస్తే కూరలు తరిగే గట్టు ఎత్తు వస్తుంది. మోచేయి 37 అంగుళాల ఎత్తున ఉంటే గట్టు 32 లేక 33 అంగుళాలు ఉండాలన్నమాట. పిండి పిసకడానికి, చపాతీలు ఒత్తడానికి బరువు మోపవలసి ఉంటుంది గనుక మరి రెండు మూడు అంగుళాలు తక్కువైతే సుఖం.

చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు పొయ్యి దగ్గర ఉన్నది. పాశ్చాత్య దేశాలలో పొయ్యి గట్టులోనే ఇమిడి ఉంటుంది. మన స్టవ్వు గట్టు మీద కూర్చుంటుంది. దాని ఎత్తు నాలుగైదు అంగుళాలు. దానిమీద ఆరు అంగుళాల గిన్నె పెడితే, 33 అంగుళాల గట్టు మీద గిన్నె అంచు 44 అంగుళాలకు చేరుతుంది. మోచేయి 37 అంగుళాల దగ్గర ఉన్న మనిషి పులుసు కలపాలంటే ప్రతిసారీ భుజం పైకెత్తవలసిందే. గిన్నెలో ఏమున్నదో చూడడానికి మునివేళ్ళ మీద లేచే ఇల్లాళ్ళు ఎందరో ఉన్నారు. ఆవిరి ముఖానికి కొట్టేదీ, కాగిన నూనె మీద చిందేదీ అప్పుడే. అందుచేత స్టవ్వు ఉండే భాగాన్ని తక్కిన గట్టుకంటే నాలుగైదు అంగుళాలు తగ్గించి కట్టించడం మేలు. సింకు సంగతి దీనికి విరుద్ధం. చేతులు పనిచేసేది సింకు అడుగున గనుక, లోతైన సింకు ఉన్న భాగం రెండు అంగుళాలు పైకి ఉంటే నడుము వంచే అవసరం తగ్గుతుంది.

ఈ కొలతలను నమ్మి వెంటనే సిమెంటు కలపనవసరం లేదు. ఇటుకలు పేర్చి, దానిమీద గట్టి పలక వేసి, నాలుగురోజులు దానిమీదనే కూరలు తరిగి చూసుకోవచ్చు. ఖర్చు లేని పరీక్ష అది. గట్టు అడుగున, నేలకు ఆనుకొని, నాలుగు అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల లోతు ఖాళీ విడిపిస్తే పాదాలు లోపలికి వెళతాయి. మనిషి గట్టుకు దగ్గరగా నిలబడగలుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు ఇంట్లో ఉంటే, ఒక మూల అలమర పెట్టకుండా ఖాళీగా వదిలి, స్టూలు వేసుకొని కూర్చునే తక్కువ ఎత్తు బల్ల అమర్చడం మరువరాదు. కత్తిపీట నేలమీదినుంచి లేచినా, కూర్చునే హక్కు పోకూడదు.

గాలి, వెలుతురు, గ్యాసు

గ్యాసు మంటకు పొగ కనిపించదు గాని అది గాలిని చెడగొట్టదనుకోవడం పొరపాటు. మంటనుండి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. వేపుళ్ళ నూనె పొగ ఎలాగూ ఉన్నది. ఎగ్జాస్ట్ ఫ్యాను గోడకు పైభాగాన, సాధ్యమైనంతవరకు పొయ్యికి దగ్గరగా ఉండాలి. మంచిగాలి లోపలికి వచ్చే కిటికీ దానికి ఎదురు దిశలో ఉండాలి. ఫ్యాను పక్కనే కిటికీ తెరిస్తే బయటిగాలి అటునుంచి అటే పోతుంది, పొగ మాత్రం గదిలోనే ఉంటుంది. చిమ్నీ కొనేవారు దాని గొట్టం గోడ దాటి వెలుపలికి పోతుందో లేదో చూసుకోవాలి. గాలిని వడగట్టి మళ్ళీ గదిలోకే వదిలే రకాలు ఆవిరిని, ఉక్కను తగ్గించలేవు.

వంటగ్యాసు గాలికంటే బరువైనది. కారితే నేలమట్టాన పేరుకుంటుంది. కనుక సిలిండరును గట్టు కింద అలమరలో పెట్టి తలుపు బిగించేవారు ఆ తలుపుకు కింద, పైన గాలి రంధ్రాలు తప్పక పెట్టించాలి. సిలిండరు ఎల్లప్పుడూ నిలువుగానే ఉండాలి. స్టవ్వు దానికంటే ఎత్తున ఉండాలి. పొయ్యి భాగాన్ని తగ్గించి కట్టేటప్పుడు కింద సిలిండరు, దానిపై రెగ్యులేటరు సరిగా పడతాయో లేదో ముందే కొలుచుకోవాలి. పట్టకపోతే సిలిండరుకు వేరే చోటు చూడాలి.

దీపం విషయంలోనూ ఒక చిన్న మోసం ఉన్నది. గది నడిమధ్య పైకప్పుకు బిగించిన దీపం గట్టువైపు తిరిగి నిలబడ్డ మనిషి వెనుకనుంచి పడుతుంది. ఆమె నీడే ఆమె కత్తిమీద పడుతుంది. పై అలమర అడుగున సన్నని దీపం ఒకటి బిగిస్తే ఆ నీడ పోతుంది. మొత్తం మరమ్మతులో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత సుఖమిచ్చేది మరొకటి ఉండదు.

చింతపండుకు తట్టుకొనే రాయి

తెలుగువారి వంటింట్లో రాయి ఎన్నుకొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న - ఇది పులుపుకు ఆగుతుందా? పాలరాయి, కడప బండ, తాండూరు బండ సున్నపుజాతి రాళ్ళు. చింతపండు పులుసు, నిమ్మరసం పడి నిలిచిన చోట వాటి నునుపు పోయి మచ్చ మిగులుతుంది. గ్రానైటుకు ఆ బాధ అంతగా లేదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే నల్లరాయి విదేశాలకు సైతం వెళుతున్నది. గట్టు పైభాగానికి గ్రానైటు వేసి, గోడలోపలి అరలకు చవకైన కడప బండ వాడడం అనుభవజ్ఞులైన మేస్త్రీలు చెప్పే మధ్యేమార్గం. చెక్క అలమరలకు, ముఖ్యంగా సింకు కింద, తడికి ఆగే మెరైన్ ప్లైవుడ్ మాత్రమే పనికివస్తుంది. దానిమీద భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నదో లేదో చూసి తీసుకోవాలి. సాధారణ ప్లైవుడ్ అక్కడ త్వరలోనే ఉబ్బిపోతుంది.

అరల విషయంలో సూత్రం ఒక్కటే. రోజూ వాడేవి మోకాలికీ కంటికీ మధ్య ఉండాలి. బరువైనవి కింద, తేలికైనవి పైన. ఏడాదికొకసారి దించే జాడీలకు అటక సరిపోతుంది. ఉప్పు డబ్బాకోసం ముక్కాలిపీట ఎక్కవలసి వస్తే ఆ అలమర ఎంత అందంగా ఉన్నా వ్యర్థమే.

ఖర్చు ఏ వరుసలో?

అందరూ ఒకేసారి అంతా మార్చుకోలేరు. చేతిలో కొద్ది డబ్బే ఉన్నవారు మొదట గాలి, తరువాత దీపం, ఆ తరువాత అరల అమరిక చూసుకోవాలి. ఆపైన గట్టు. రంగులు, మెరుపులు చివర. అద్దె ఇంట్లో ఉన్నవారు గట్టు పగలగొట్టలేరు. గట్టు మరీ తక్కువైతే దానిమీద మందమైన చెక్కపలక వేసుకొని తరగవచ్చు. మరీ ఎక్కువైతే తరిగే పనిని భోజనాల బల్లమీదికి మార్చుకోవచ్చు.

ఒకే ఇంట్లో పొడుగాటి కోడలు, పొట్టి అత్తగారు ఉంటే ఎవరి మోచేయి కొలవాలి? ఎక్కువసేపు ఎవరు నిలబడతారో వారిది. కొడుకో, భర్తో ఆ పని చేసే ఇంట్లో వారిది. ఈ లెక్క తేల్చుకోవడానికి కూర్చున్నప్పుడే వంట ఎవరిమీద ఎంత పడుతున్నదో చాలా ఇళ్ళలో మొదటిసారిగా తెలిసివస్తుంది.

కాబట్టి మేస్త్రీ రసమట్టం గోడకు ఆనించి ఎత్తు అడిగినప్పుడు హాలులోనుంచి జవాబు రాకూడదు. వరండాలో పప్పు ఎనుపుతున్న ఇల్లాలిని పిలవాలి. ఆమె చెయ్యి కడుక్కొని వచ్చి, గోడపక్కన నిటారుగా నిలబడి, మోచేయి మడవాలి. మేస్త్రీ చెవిమీది పెన్సిలు తీసి అక్కడినుంచి కిందికి కొలిచి గీత గీయాలి. దానికి పట్టే కాలం రెండు నిమిషాలు.