ఆకలిని చంపే సూది.. ఆకలి తెచ్చిన షుగర్

సెమాగ్లుటైడ్ అనే మందు మీద డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు మన దేశంలో ఉన్న పేటెంట్ గడువు 2026 మార్చితో తీరిపోయింది. ఒజెంపిక్, వెగోవీ పేర్లతో అమ్ముతున్న ఇంజెక్షన్లలో ఉండేది ఈ మందే. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు దేశీయ కంపెనీలు దీని తయారీకి ముందు నుంచే సిద్ధపడ్డాయి. పేటెంట్ ఇంకా నడుస్తుండగానే, నోవోకు పేటెంట్ లేని దేశాలకు ఎగుమతి చేసుకోవచ్చని 2025 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు డాక్టర్ రెడ్డీస్‌కు వీలు కల్పించింది. ఇక చర్చంతా మార్కెట్ ఎంత, షేర్లు ఎంత పెరుగుతాయి, ఎన్ని కిలోలు తగ్గొచ్చు అనే వాటి చుట్టూనే తిరుగుతోంది.

మనం అడగాల్సిన ప్రశ్న వేరు. ఇది ఆకలిని తగ్గించే మందు. ఆకలి ఈ దేశంలో కులాన్ని చూసే గడప తొక్కింది. తరాల తరబడి అరకడుపుతో బతికిన వాడల్లోకి ఇప్పుడు షుగర్ జబ్బు వచ్చింది. ఆ జబ్బుకు ఆకలి చంపే సూది మందవుతుందా? అయితే ఎవరికి అవుతుంది, ఎవరికి కీడు చేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు కంపెనీ ప్రకటనల్లో దొరకదు. మందు ఎలా పనిచేస్తుందో, మన ఒళ్లు ఎలా తయారయ్యాయో కలిపి చూస్తేనే దొరుకుతుంది.

హార్మోన్‌ను అనుకరించే మందు

మనం అన్నం తిన్నాక పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంటే ఇన్సులిన్ వదలమని క్లోమానికి చెబుతుంది. కాలేయం నుంచి చక్కెరను బయటికి తోసే గ్లూకగాన్‌ను తగ్గిస్తుంది. పొట్టలోంచి తిండి కిందికి దిగే వేగాన్ని తగ్గిస్తుంది. కడుపు నిండింది, ఇక చాలు అనే కబురు మెదడుకు అందిస్తుంది. అయితే మన ఒంట్లో తయారైన జీఎల్‌పీ-1 రెండు నిమిషాలకే సగం కరిగిపోతుంది. డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది.

కాబట్టి ఆ హార్మోన్‌లా నటిస్తూ, త్వరగా కరిగిపోని మందు కోసం శాస్త్రవేత్తలు వెతికారు. అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో అలాంటి పదార్థం ఒకటి దొరికింది. దాని ఆధారంగా చేసిన ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని రోజుకు రెండుసార్లు పొడుచుకోవాలి. తర్వాత లిరాగ్లుటైడ్ రోజుకొక సూదితో వచ్చింది. 2017లో వచ్చిన సెమాగ్లుటైడ్‌ను వారానికి ఒక్కసారి తీసుకుంటే చాలు. టిర్జెపటైడ్, అంటే మౌంజారో, జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోన్‌ను కూడా అనుకరిస్తుంది.

ఇవన్నీ మొదట షుగర్ కోసం వచ్చినవే. బరువు తగ్గడం వెంట వచ్చిన ఫలితం. మందు తీసుకున్నవాళ్లకు తిండి మీద యావ తగ్గుతుంది, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం మామూలుగా కనిపించే ఇబ్బందులు. కొందరికి పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు.

ఎవరి మీద పరీక్షించారు?

బరువు మీద సెమాగ్లుటైడ్ ప్రభావాన్ని తేల్చిన పెద్ద పరీక్ష స్టెప్-1. ఫలితాలు 2021లో వచ్చాయి. 1,961 మంది పాల్గొన్నారు. 68 వారాల్లో మందు తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం, మందు లేని ఉత్త సూది తీసుకున్నవాళ్లు 2.4 శాతం బరువు తగ్గారు. మందు గట్టిదే, అనుమానం లేదు. కానీ ఆ పరీక్షలో చేరినవాళ్ల సగటు బరువు 105 కిలోలు. ఎక్కువ మంది తెల్లజాతివారు. షుగర్ ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. షుగర్ ఉన్నవాళ్లతో విడిగా చేసిన స్టెప్-2లో తగ్గుదల 9.6 శాతమే.

ఇంకో సంగతి. స్టెప్-1 అయిపోయాక మందు ఆపేసిన కొందరిని ఏడాది పాటు గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది. అంటే ఇది నాలుగు నెలలు వాడి వదిలేసే మందు కాదు. బీపీ మాత్రలాగా ఏళ్ల తరబడి సాగాలి. ఖర్చు లెక్క వేసేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

సన్నటి ఒంట్లో షుగర్

షుగర్ అనగానే బాగా తిని, కూర్చుని, పొట్ట పెంచిన మనిషి బొమ్మ మనసులో మెదులుతుంది. మన వాడల్లో చూడండి. ఇటుక బట్టీలో, మిర్చి చేలో, రోడ్లు ఊడ్చే పనిలో ఒళ్లు అరగదీసుకున్న బక్కపలచటి మనుషులకు షుగర్ ఉంటోంది. ‘తిండి తగ్గించండి, నడవండి’ అని డాక్టర్ చెబుతాడు. తగ్గించడానికి వాళ్ల పళ్లెంలో ఏముంది? ఇంకెంత నడవాలి?

దీనికి సైన్స్ చెప్పిన జవాబులు రెండున్నాయి. మొదటిది పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చెప్పిన ‘సన్నటి కొవ్వు’ సిద్ధాంతం. 2004లో లాన్సెట్ పత్రికలో ఆయన, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన ఉన్న ఫొటో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. తల్లి కడుపులో ఉన్నప్పుడే సరైన పోషణ అందని బిడ్డలు కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా పుడతారని, పెద్దయ్యాక షుగర్‌కు దగ్గరవుతారని ఆయన బృందం చూపించింది. ఆసియా వాళ్లకు బీఎంఐ 23 దాటితేనే ప్రమాదం మొదలని లెక్కించడానికి కారణం ఇలాంటి పరిశోధనలే.

రెండోది ఇంకా సూటిగా మనల్ని తాకుతుంది. చిన్నతనంలో పోషకాహారం లేక క్లోమం సరిగా ఎదగకపోతే ఇన్సులిన్ చాలినంత తయారు కాదు. సన్నగా, వయసులో ఉన్నవాళ్లకే షుగర్ వస్తుంది. 1955లో జమైకాలో దీన్ని మొదట గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో పోషకాహార లోపం వల్ల వచ్చే షుగర్ అని జాబితాలో చేర్చింది, 1999లో తీసేసింది. పేదల జబ్బుకు పేరు కూడా మిగల్లేదు. వెల్లూరు సీఎంసీ వైద్యులు, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన కృషి ఫలితంగా 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దీన్ని ‘టైప్ 5’గా గుర్తించింది. ప్రపంచంలో రెండు నుంచి రెండున్నర కోట్ల మందికి ఇది ఉందని అంచనా.

ఈ పోషకాహార లోపం ఎవరి ఇంట ఉందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు ఎస్సీ పిల్లల్లో సుమారు 39 శాతం, ఎస్టీ పిల్లల్లో సుమారు 41 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని కుటుంబాల పిల్లల్లో ఇది 30 శాతం దగ్గర ఉంది. ఈ తేడా రేపటి షుగర్ వార్డుల్లో కనబడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఇన్సులిన్ తయారీయే తక్కువై, ఇప్పటికే 45 కిలోలున్న మనిషికి ఆకలి చంపి బరువు తగ్గించే సూది ఇస్తే ఏమవుతుంది? అతనికి కావాల్సింది తిండి, అందులో మాంసకృత్తులు, అవసరమైతే కొద్ది మోతాదులో ఇన్సులిన్. ‘షుగర్‌కు కొత్త మందు వచ్చింది’ అని ఊళ్లో ఆర్‌ఎంపీ కూడా సూది పొడిచే రోజు వస్తే, మొదట దెబ్బతినేది ఈ సన్నటి షుగర్ రోగులే.

కండే మన ఆస్తి

బరువు తగ్గడమంటే కొవ్వొక్కటే తగ్గడం కాదు. ఈ మందులతో తగ్గే బరువులో గణనీయమైన భాగం కండ నుంచి పోతుంది. స్టెప్-1లో కొందరిని స్కానింగ్ చేసి చూస్తే, అది మూడో వంతుకు పైగానే తేలింది. జిమ్‌కు వెళ్లి, గుడ్లూ చికెనూ తిని ఆ కండను నిలుపుకోమని డాక్టర్లు సలహా ఇస్తారు. ఏసీ గదిలో ఉద్యోగం చేసేవారికి అది సాధ్యమే. రెక్కల కష్టం మీద బతికేవాళ్లకు కండ అంటే కూలి. అది తగ్గితే పొయ్యి వెలగదు.

పైగా మన పళ్లెం సంగతేంటి? దేశంలో సగటు మనిషి తినే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. రేషన్ షాపు ఇచ్చేది ప్రధానంగా బియ్యమే. తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. సంతోషమే. కానీ పప్పు, నూనె, గుడ్డు ఎక్కడ? చవకగా దొరికే మంచి మాంసం పెద్దకూర. దాన్ని తినడాన్ని నేరంగా, నీచంగా చూపే రాజకీయం ఒక పక్క, షుగర్ రోగి ప్రొటీన్ తినాలనే వైద్యం ఇంకో పక్క. మన తిండి మీద దాడి మన ఆరోగ్యం మీద దాడి కూడా అని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

మనకు అక్కర్లేదని అనొద్దు

ఇంత చెప్పామని ఈ మందు ఉన్నోళ్ల సోకు అని కొట్టిపారేస్తే అదీ తప్పే. అదే సర్వే ప్రకారం అధిక బరువు, ఊబకాయం ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అదే రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. ఒకే ఒంట్లో బరువూ, పోషణ లేమీ కలిసి ఉంటాయన్నమాట. చౌక బియ్యం, చౌక నూనె, బేకరీ తిండి, రాత్రి షిఫ్టులు మన బస్తీల్నీ మార్చేశాయి.

ఈ మందు చేసే మేలు బరువు దగ్గరే ఆగదు. షుగర్‌తో పాటు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల మీద చేసిన ఫ్లో పరీక్షలో, కిడ్నీలు బాగా చెడిపోవడం, వాటి వల్ల లేదా గుండెజబ్బుతో చనిపోవడం వంటి ముప్పు 24 శాతం తగ్గింది. గుండెజబ్బు, అధిక బరువు ఉండి షుగర్ లేనివాళ్ల మీద చేసిన సెలెక్ట్ పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల ముప్పు 20 శాతం తగ్గింది. 2025 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందులను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అయితే అందరికీ కాదు, షుగర్‌తో పాటు గుండె లేదా కిడ్నీ జబ్బు, ఊబకాయం ఉన్నవాళ్ల కోసం. డయాలసిస్ బెడ్ మీద వారానికి మూడుసార్లు పడుకునే మన మనుషుల్ని చూస్తున్నాం. వాళ్లను ఆ బెడ్ దాకా రానివ్వకుండా ఆపే అవకాశం ఉంటే అది మన హక్కు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ షుగర్‌తో ఏళ్ల తరబడి బాధపడ్డారు. కాళ్ల నొప్పులు, చూపు మందగించడం ఆయన్ని చివరిదాకా వేధించాయి. డాక్టర్ అయిన సవితా అంబేడ్కర్ ఇంట్లోనే ఉండి వైద్యం చూసుకున్నారు. వాడలో షుగర్ వచ్చిన కూలీ తల్లికి అలా చూసుకునే డాక్టర్ ఎక్కడున్నారు?

ధర ఒక్కటే అడ్డు కాదు

వెగోవీ 2025 జూన్‌లో మన దేశానికి వచ్చినప్పుడు మొదటి మోతాదు నెలకు 17,345 రూపాయలు. నవంబరులో దాన్ని 10,850కి తగ్గించారు. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307. వంద రోజుల కూలి మొత్తం పెట్టినా ఆ ధరకు మూడు నెలల మందు రాదు. జెనరిక్‌ల పోటీతో నెలకు రెండు వేలకు దిగిందనుకున్నా, ఏడాదికి 24 వేలు. అది 78 రోజుల కూలి.

ధర దిగినా ఇంకా అడ్డంకులుంటాయి. వాడకం మొదలెట్టని పెన్నును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెలలో రేకుల ఇంట్లో అదెలా? షుగర్ ఒక్కసారిగా తగ్గితే అప్పటికే దెబ్బతిన్న కంటి నరాలకు ప్రమాదం, కాబట్టి ముందు కళ్లు చూపించుకోవాలి. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వాడుతున్నవాళ్లు దీన్ని కలిపి వాడుతూ తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి సొమ్మసిల్లొచ్చు. గర్భం కోరుకునే స్త్రీలు కనీసం రెండు నెలల ముందే సెమాగ్లుటైడ్ ఆపాలి. ఇవన్నీ చూసే డాక్టర్, ల్యాబ్ పీహెచ్‌సీలో లేకుండా మందు ఒక్కటీ ఇచ్చి పంపితే ఉపయోగం లేదు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి చికిత్సల కోసం పుట్టిన పథకం. కాలు తీసేసే ఆపరేషన్‌కు డబ్బులిచ్చి, కాలు పోకుండా కాపాడే నెలవారీ మందుకు ఇవ్వకపోవడం ఎలాంటి న్యాయం?

మనం అడగాల్సినవి

ఒకటి, షుగర్ పరీక్షలో చక్కెర అంకె ఒక్కటే కాకుండా బరువు, ఎత్తు, నడుము కొలత తప్పకుండా రాయాలి. సన్నటి షుగర్ రోగులను విడిగా గుర్తించి, టైప్ 5 అనుమానం ఉంటే పెద్దాసుపత్రికి పంపాలి. ఆ లెక్కల్ని కులం వారీగా బయటపెట్టాలి.

రెండు, షుగర్‌తో పాటు గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ప్రభుత్వమే జెనరిక్ సెమాగ్లుటైడ్‌ను టోకున కొని ఉచితంగా ఇవ్వాలి. 2001లో సిప్లా హెచ్‌ఐవీ మందుల ధరను ఏడాదికి 350 డాలర్లకు దించినప్పుడు, అంతకుముందు అవి పది వేల డాలర్లకు పైనే ఉండేవి. పోటీకి ప్రభుత్వ కొనుగోలు, ప్రజా పోరాటం తోడైతేనే మందు పేదల చేతికొస్తుంది.

మూడు, 2013లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం, 2017లో తెలంగాణ తెచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఆ నిధుల్ని రోడ్లకూ, ఇతర పద్దులకూ మళ్లించకుండా వాడల్లో గర్భిణుల, పిల్లల పోషణకు, షుగర్ పరీక్షలకు ఖర్చు చేయాలి. రేషన్‌లో పప్పు, చిరుధాన్యాలు, అంగన్‌వాడీలో రోజూ గుడ్డు ఉండాలి. రేపు పుట్టే బిడ్డ క్లోమం ఎదగడానికి అదే అసలు మందు.

హైదరాబాద్ శివారు ఫ్యాక్టరీల్లో తయారయ్యే మందులు ప్రపంచమంతా వెళ్తాయి. అదే ఊరి బస్తీ దవాఖానా అల్మరాలోకి కూడా రావాలి, అవసరమైనవాళ్ల చేతికి అందాలి. అక్కర్లేనివాళ్ల ఒంట్లోకి దిగకూడదు. ఆ తేడా చూసి చెప్పగల ప్రభుత్వ వైద్యం కోసం గ్రామసభలో, మున్సిపల్ వార్డు సమావేశంలో, పీహెచ్‌సీ గుమ్మం ముందు మనమే గొంతెత్తాలి.