కొండలకు పనివాళ్ల పేర్లు పెట్టండి

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ 2019 డిసెంబరు 26న అంటార్కిటికాలోకెల్లా ఎత్తైన విన్సన్ కొండ ఎక్కింది. ఎత్తు 4,892 మీటర్లు. పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన పిల్ల. ఆటోనగర్‌లో మా డీజిల్ షెడ్డులో ఆ కబురు చదువుతుంటే పని నేర్చుకునే కుర్రాడు అడిగాడు: “మేస్త్రీ, విన్సనంటే ఆ కొండ మొదట ఎక్కినోడా?”

కాదు. కార్ల్ విన్సన్ అమెరికాలో జార్జియా రాష్ట్ర నాయకుడు. ధ్రువ యాత్రలకు చట్టసభలో అండగా నిలిచాడని ఆయన పేరు పెట్టారు. 1958లో నౌకాదళ విమానంలోంచి ఆ కొండను చూసినవాళ్లకు గానీ, 1966 డిసెంబరులో మొదటిసారి శిఖరం చేరినవాళ్లకు గానీ ఆ గౌరవం దక్కలేదు. నిధులు మంజూరు చేయించడం చిన్న పనేం కాదు. కానీ ప్రాణాలకు తెగించినవాళ్ల తర్వాతే అది.

మన విశాఖలోనూ ఇదే తీరు. పోర్టు పక్కన రాస్ కొండ ఉంది. 1864లో దాని మీద ఇల్లు కట్టించిన దొర పేరది. అంత ఎత్తుకు రాయీ సున్నం మోసినవాళ్లు ఎవరో ఎవరికీ తెలీదు.

పని చూసి పెట్టిన పేర్లూ లేకపోలేదు. బీహార్‌లో పుట్టిన జీవశాస్త్రవేత్త అఖౌరీ సిన్హా 1971-72లో అమెరికా ఓడల మీద వెళ్లి, అంటార్కిటికా మంచు సముద్రాల్లో సీళ్లు, తిమింగలాలు, పక్షుల లెక్క తీసిన బృందంలో పనిచేశాడు. అక్కడొక కొండకు మౌంట్ సిన్హా అని పేరు పెట్టారు. నాకు నచ్చిన పేరు అదీ.

మన దేశానికి అక్కడ 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి కేంద్రాలున్నాయి. శాస్త్రవేత్తలతో పాటు జనరేటర్ మెకానిక్కులు, వెల్డర్లు, మంచుబండ్లు నడిపేవాళ్లు, వంటవాళ్లు కూడా చలికాలమంతా అక్కడే ఉంటారు. అంత చలికి మామూలు డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. స్పానర్ ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. జనరేటర్ ఆగిందంటే వెచ్చదనం ఉండదు, పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి, పరిశోధనా ఆగుతుంది. వారాల తరబడి సూర్యుడు కనిపించని చోట ఆ ఇంజిన్‌ను ఆగకుండా నడిపించడం ఎంత పనో మా ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు.

అంటార్కిటికాలో పరిశోధన చేసే దేశాలు అక్కడి కొండలకూ రాళ్లకూ పేర్లు పెట్టి అంతర్జాతీయ పట్టికలో చేర్పించుకుంటాయి. మన దేశం ఇకముందు పెట్టే పేర్లలో ఒక్కటైనా అక్కడ చలికాలం గడిపిన మెకానిక్‌ది ఉండాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.