ముందు పెట్టె, తరువాతే యంత్రం

1833వ సంవత్సరం మే నెలలో అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి ‘టస్కనీ’ అనే తెరచాప ఓడ 180 టన్నుల ఐసుతో కలకత్తాకు బయలుదేరింది. నాలుగు నెలల ప్రయాణం. దారిలో భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. ఓడలో కంప్రెసరు లేదు, కరెంటు లేదు. అయినా సెప్టెంబరులో ఓడ కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నుల ఐసు మిగిలే ఉంది! దాన్ని కాపాడింది ఏ యంత్రమూ కాదు. ఐసు చుట్టూ దట్టంగా కూరిన, వేడిని సులువుగా పోనివ్వని పదార్థమే కాపాడింది.

చిన్న పడవలో రిఫ్రిజిరేటరు అమర్చుకోవాలనుకునే వారికి ఈ కథ మొదట చెప్పాలని నా అభిప్రాయం. ఇంట్లో వాడే రిఫ్రిజిరేటరు పడవకు పనికిరాదు. పడవ లోపలి గోడలు వంపు తిరిగి ఉంటాయి. పడవ ఊగినప్పుడు ముందు తలుపు తెరుచుకుంటుంది. కరెంటు కూడా 230 వోల్టులది కాదు, బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులది. అందుకే పడవ వంపుకు సరిపోయేలా పెట్టె కట్టించి, దానికి చిన్న కంప్రెసరు తగిలిస్తారు. ఎక్కువమంది ఆలోచనంతా కంప్రెసరు మీదే ఉంటుంది. గోడ సంగతి ఎవరికీ పట్టదు. అక్కడే పొరపాటు జరుగుతోంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. లోపలి కొలత ప్రతి వైపూ 50 సెంటీమీటర్లున్న పెట్టె తీసుకోండి. అందులో 125 లీటర్ల చోటు ఉంటుంది. ఆరు ముఖాల వైశాల్యం 1.5 చదరపు మీటర్లు. బయట 34 డిగ్రీలు, లోపల 4 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. గోడలో 5 సెంటీమీటర్ల మందాన పాలీయూరిథేన్ నురుగు ఉంటే, లోపలికి సుమారు 22 వాట్ల చొప్పున వేడి చొరబడుతుంది. ఆ వేడి రోజుకు దాదాపు 6 కిలోల ఐసును కరిగిస్తుంది. అదే పని కంప్రెసరు చేయాలంటే, ఒక వంతు విద్యుత్తుతో ఒకటిన్నర వంతుల వేడిని తోడేస్తుందనుకున్నా, బ్యాటరీ నుంచి రోజుకు 30 ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. గోడ మందం 10 సెంటీమీటర్లు చేయండి. ఖర్చు దాదాపు సగానికి తగ్గుతుంది! నురుగును ఒక్కసారి కొంటే చాలు. బ్యాటరీని మాత్రం రోజూ నింపాలి.

పెట్టె చిన్నదైన కొద్దీ గోడ ఇంకా ముఖ్యం. ఒక మీటరు ఘనం ఉపరితలం 6 చదరపు మీటర్లు. అంతే చోటును ఎనిమిది చిన్న పెట్టెలుగా విడదీస్తే ఉపరితలం 12 చదరపు మీటర్లవుతుంది. వేడి చొరబడే దారి రెట్టింపయిందన్నమాట.

మరి రెండు జాగ్రత్తలు. నురుగులోకి నీరు దిగకూడదు. నీరు నురుగు కన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని ప్రవహింపజేస్తుంది. తడిసిన గోడ ఉన్నా లేనట్టే. రెండోది, మూత పైన ఉండాలి. చల్లని గాలి బరువైనది. ముందు తలుపు తీస్తే అది కిందికి జారిపోతుంది. పైమూత తీస్తే చాలావరకు లోపలే నిలుస్తుంది.

ఇక మన తీరంలో వేటకు వెళ్లే ఫైబర్ పడవల సంగతి చూద్దాం. వాటికీ ఇలాంటి రిఫ్రిజిరేటర్లు కావాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. 50 కిలోల చేపలను 30 డిగ్రీల నుంచి 0 డిగ్రీలకు చల్లబరచాలంటే సుమారు 5,400 కిలోజౌళ్ల వేడిని తీసేయాలి. 50 వాట్ల కంప్రెసరు ఆ పని ఒక్కదానికే 20 గంటలు తీసుకుంటుంది. ఈలోగా చేప పాడవుతుంది. సూర, కానాగంత వంటి చేపల్లో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. వండినా అది పోదు. అదే పనిని 16 కిలోల ఐసు ముక్కలు చేప ఒంటికి ఆనుకుని, చాలా త్వరగా చేసేస్తాయి. ఒడ్డుకు చేరాక ధర పలికేది తాజా చేపకే గదా! ఒక కుటుంబం రాత్రంతా పడిన కష్టం ఆ పెట్టెలోనే ఉంటుంది.

“ఐసు అయిపోతే?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఐసు దొరకని చోట్లకు రోజుల తరబడి ప్రయాణించే పడవకు యంత్రం తప్పదు. రేవులో ఐసు కొనే బాధా తప్పుతుంది. కాని ఆ యంత్రానికి కూడా మంచి పెట్టె ఉండాలి. పెట్టె బాగుంటే చిన్న యంత్రం చాలు. పెట్టె బాగా లేకపోతే ఎంత పెద్ద యంత్రమైనా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

నా మాట నమ్మనక్కరలేదు. సమానమైన రెండు ఐసు ముక్కలు తీసుకోండి. ఒకదాన్ని గిన్నెలో ఊరికే ఉంచండి. రెండోదాన్ని పాలిథీన్ సంచిలో కట్టి, రంపపు పొట్టు నింపిన డబ్బా నడుమ పెట్టండి. గంట తరువాత రెంటినీ తూచి చూడండి. టస్కనీ ఓడ రహస్యం మీ తక్కెడే చెబుతుంది.