పైన్ అడవి మట్టిని ఎవరి కొలతతో కొలవాలి?

ఉత్తరాఖండ్ కొండల్లో చీర్ పైన్ అడవి విలువ కట్టేటప్పుడు చెట్లెన్ని, కలపెంత, బంకెంత అన్న లెక్కలే ముందుకొస్తాయి. ఆ చెట్ల కింద మట్టి సంగతి ఆఖరికి వస్తుంది. కొండ రైతుకు మాత్రం అదే మొదటి ప్రశ్న. ఆయన పొలానికి ఎరువు అడవి నుంచే రావాలి కదా!

బాంజ్ అనే ఓక్ చెట్టు ఆకు పశువుకు మేత. రాలిన ఆకు కొట్టంలో పశువుల కింద పరుపై, పేడతో కలిసి ఎరువై పొలానికి చేరుతుంది. పైన్ సూదులను పశువు ముట్టదు. వాటిలో నత్రజని తక్కువ, త్వరగా చివకవు, వేసవిలో ఇట్టే అంటుకుంటాయి. అయినా కలప కోసం, బంక కోసం బ్రిటిష్ పాలకులు పైన్‌కే పట్టం కట్టారు. 1921లో కుమావోన్ రైతాంగం ప్రభుత్వ పైన్ అడవులకు నిప్పు పెట్టింది, ఓక్ అడవుల జోలికి పెద్దగా పోలేదు. ఆ ఆగ్రహం ఎవరి మీదో వేరే చెప్పాలా?

అలాగని మట్టి చెడిపోతే నేరమంతా పైన్‌దేనని తీర్పు చెప్పేయడం సరికాదంటాం. రాతినేలలో, ఎండ కాసే దక్షిణపు వాలులో కూడా బతికే చెట్టది. అక్కడి మట్టిని తెచ్చి, చల్లని ఉత్తరపు వాలులోని ఓక్ అడవి మట్టితో పోలిస్తే ఏం తేలుతుంది? నేల పలచనైనందుకు పైన్ వచ్చిందా, పైన్ వచ్చాక నేల పలచనైందా అన్నది తేలదు. ఒకే ఎత్తున, ఒకే వాలులో, ఒకే రకం రాతి మీద పక్కపక్కనున్న రెండడవుల్లో మట్టి తియ్యాలి. ఒక్కచోట కాదు, పలుచోట్ల తియ్యాలి. పై 15 సెంటీమీటర్లు వేరుగా, లోపలి పొర వేరుగా ఉంచాలి. ఆమ్లగుణం, సేంద్రియ కర్బనం, నత్రజని చూస్తే చాలదు. వాననీరు ఎంత వేగంగా ఇంకుతోందో, అడవి ఎన్నిసార్లు తగలబడిందో, ఆకు ఎంత ఊడ్చుకుపోయారో కూడా రాయాలి. బోడికొండ మీద పైన్ కోతను ఆపి ఉంటే ఆ మాటా దాచకూడదు.

ఏళ్ల తరబడి అదే అడవిలో ఆకు ఏరే ఆడవాళ్లకు ఏ వాలులో తేమ నిలుస్తుందో, ఏ ఊట ఎప్పుడు ఎండిందో తెలుసు. వాళ్లనడగని పరీక్ష సగం పరీక్షే. 1931 నుంచి అక్కడ వన పంచాయతీలకు నిబంధనలున్నాయి. పరీక్ష ఫలితాలు వాటి ముందు పెట్టి, ఎక్కడ పైన్ ఉంచాలో, ఎక్కడ ఓక్‌ను మళ్లీ పెంచాలో ఊరి ఎదుటే తేల్చాలి. ఫలితం ఫైల్లోనే మిగిలిపోతే, ఆ మట్టి తవ్వినందువల్ల రైతుకు ఒరిగేదేమీ లేదు.